మిలాన్ తీర్మానం - మన బధిర పాఠశాలలు

బిడ్డ చెవిటిగా పుడితే పూర్వజన్మ పాపం అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకి గట్టి జవాబు ప్రత్యేక పాఠశాలే. 1760 ప్రాంతంలో పారిస్‌లో ద లెపే అనే మతాచార్యుడు (అవును, మతాచార్యుడే!) బధిర పిల్లలకి సైగలతో చదువు చెప్పి చూపించాడు. చదువు వచ్చాక పాపం ఎక్కడికి పోయినట్టు?

కానీ 1880లో మిలాన్‌లో చేరిన ఉపాధ్యాయులు సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలి అని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళలో దాదాపు అందరూ చెవులు వినపడేవాళ్ళే. బొంబాయిలో 1885లో బధిరుల బడి వచ్చింది. మన దేశంలో ఇలాంటి బడులు చాలావాటిలో దశాబ్దాల పాటు నోటిమాట పద్ధతే నడిచింది. పెదవులు చూసి పోల్చుకోవడంతోనే పిల్లల కాలమంతా గడిచిపోతే ఇక లెక్కలు, చరిత్ర ఎప్పుడు నేర్చుకుంటారు? ఆ తీర్మానం తప్పని అదే అంతర్జాతీయ సభ 2010లో వాంకూవర్‌లో ఒప్పుకుంది. 130 ఏళ్ళు!

నేనుండే సూరత్‌లో తెలంగాణ నేత కార్మికుల పిల్లల కోసం మున్సిపల్ తెలుగు మీడియం బడులున్నాయి. తెలిసిన భాషలోనే చదువు వస్తుందనే కదా! బధిర బిడ్డ సైగలకి ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

ఇప్పుడు అందరినీ మామూలు బడిలోనే చేర్చుకోవాలంటున్నారు, మంచిదే. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ శాఖ పద్దులు చూసినవాణ్ణి. మంజూరైన పోస్టు వేరు, జీతం తీసుకునే మనిషి వేరు. ఇక్కడ పోస్టుల సంఖ్యే తేలలేదు. ఆ సంఖ్య ప్రకటించండి అని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.