రాకుమారి గ్రీకు, పేదకవి గ్రీకు

12వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ రాకుమారి అన్నా కొమ్నేనే తన తండ్రి, చక్రవర్తి అలెక్సియోస్ చరిత్రను ‘అలెక్సియాడ్’ పేరుతో రాసింది. ఆ శతాబ్దంలోనే ‘పేద ప్రోద్రోమోస్’ అనే కవి పేరు మీద కొన్ని పద్యాలు వెలువడ్డాయి. చదువుకున్నందుకు తనకు దక్కింది ఆకలేనని, అలమర తెరిస్తే రొట్టెకు బదులు కాగితాలు కనిపిస్తున్నాయని, పక్కింటి చెప్పులు కుట్టేవాడు మాత్రం కడుపునిండా తింటున్నాడని ఆ కవి మొర.

నేటి ఏథెన్స్ పాఠకుడికి ఈ మొర చాలావరకు అర్థమవుతుంది. రాకుమారి గ్రంథాన్ని అనువాదం లేకుండా చదవడం మాత్రం కష్టం.

అన్నా తన కాలపు మాట రాయలేదు. అప్పటికే సుమారు 1500 ఏళ్ల నాటిదైన ఏథెన్స్ గ్రాంథికాన్ని పట్టుదలగా అనుసరించింది. అందులో చతుర్థీ విభక్తి, తుమున్నర్థక రూపాలు నిండుగా ఉంటాయి. నేటి వాడుకలో ఆ రెండూ పోయాయి. కొన్ని మాటలు రూపం నిలుపుకుని అర్థం మార్చుకున్నాయి. పాత ‘పెదేవో’ అంటే చదువు చెప్పడం, ఇప్పుడు వేధించడం! 14వ శతాబ్దంలోనే ఎవరో ‘అలెక్సియాడ్’లో కొంత భాగాన్ని తేలిక గ్రీకులోకి తిరగరాశారంటే, ఆ కష్టం ఆనాటి కాన్‌స్టాంటినోపుల్ వాళ్లకే మొదలైందన్నమాట. ‘అలెక్సియాడ్’ కన్నా వెయ్యేళ్లు పాతదైన కొత్త నిబంధన గ్రీకు ఇప్పటి చెవికి దానికన్నా దగ్గర. భాష వయసు ఒక్కటే చూస్తే ఈ సంగతి అంతుపట్టదు.

పేదకవి ‘ప్సోమిన్’ అన్న రొట్టె నేడు ‘ప్సోమి’, ‘క్రాసిన్’ అన్న ద్రాక్షసారా ‘క్రాసి’. చివరి నకారం రాలిందంతే. గ్రాంథికంలో నీళ్లు ‘ఇదోర్’. ‘తాజా నీళ్లు’ అన్న జంటపదంలోని విశేషణమే మిగిలి వాడుకలో ‘నెరో’ అయింది.

అయినా పేదకవి ప్రతి మాటా తెలుస్తుందనలేం. ఆనాటి వంటకాలు, పనిముట్లు, బట్టలు పోయినచోట వాటి పేర్లూ పోయాయి. అందుకే ఎమ్మానుయేల్ క్రియరాస్ 1100 నుంచి 1669 దాకా ఉన్న వాడుక గ్రీకు సాహిత్యానికి 1968 నుంచి సంపుటాలుగా నిఘంటువు వెలువరించాడు. దానికి జీవితంలో దశాబ్దాలు ధారపోసిన ఆ పండితుడి ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

ఆ నిఘంటువు కాలపరిధి చివర్లో క్రీటు ద్వీపంలో విత్సెంత్సోస్ కోర్నారోస్ రాసిన ‘ఎరోతోక్రితోస్’ సుమారు పదివేల పాదాల ప్రేమకథ. 1713లో వెనిస్‌లో అచ్చయింది. అక్షరం రాని పల్లె జనం కూడా దాన్ని కంఠస్థం చేశారు. క్రీటులో ఈనాటికీ పాడుకుంటున్నారు.