గాలి తాకిడికి కాంక్రీటు పునాది: చరిత్ర, మడివాళ ఉదాహరణ

ఎత్తైన స్తంభాన్ని, టవరును గాలి తోసినప్పుడు బోల్తా పడకుండా నిలిపే కాంక్రీటు దిమ్మె కొలతలు నిర్ణయించే పద్ధతి ఇది. ఇంటి పునాదికి పైనుంచి దిగే బరువే ప్రధానం. టవరు పునాదికి పక్కనుంచి వచ్చే తోపు ప్రధానం, దాన్ని తట్టుకునేది దిమ్మె సొంత బరువు, దాని మీద కప్పిన మట్టి.

గుళ్ళలో ధ్వజస్తంభాలు నిలబెట్టిన కాలమంతా ఇది మేస్త్రీల అనుభవానికి వదిలేసిన పని. 1759లో ఇంజినీరు జాన్ స్మీటన్ గాలి వేగానికి, ఒత్తిడికి పట్టిక ప్రచురించాడు. 1879 డిసెంబరు 28న స్కాట్లండులో టే వంతెన తుఫానుకు రైలుతో సహా కూలింది. రూపకర్త థామస్ బౌచ్ గాలికి ప్రత్యేకంగా లెక్క కట్టలేదని విచారణలో తేలింది. దాంతో బ్రిటన్ రైల్వే వంతెనలకు చదరపు అడుగుకు 56 పౌండ్ల ఒత్తిడి ఖాయం చేశారు. బరువు మధ్యనుంచి పక్కకు జరిగితే ఫుటింగులో ఎంత వెడల్పు నిజంగా పనిచేస్తుందో 1953లో ఇంజినీరు మేయర్‌హాఫ్ చెప్పాడు.

భారత ప్రమాణం ఐఎస్ 875 తొలిసారి 1957లో వచ్చింది, 1964లో మారింది. 1987 నాటి మూడో భాగం మెచ్చదగ్గ పని: దేశాన్ని ఆరు గాలి మండలాలుగా విడదీసి, నేలకు 10 మీటర్ల ఎత్తున 3 సెకన్ల ఈదురుగాలి వేగాన్ని ప్రాతిపదికగా తీసుకుంది. బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, హైదరాబాదుకు 44, విశాఖపట్నానికి 50. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక విశాఖలో తోపు బెంగళూరుకు సుమారు 2.3 రెట్లు. 2015 సవరణ తుఫానుల తాకిడి ఉన్న తీరాల నుంచి 60 కిలోమీటర్ల లోపు తుఫాను గుణకాన్ని చేర్చింది.

బెంగళూరులోని మడివాళలో 30 మీటర్ల స్తంభం మీద గాలి 1.5 టన్నులతో, నేలకు 16 మీటర్ల ఎత్తున తోస్తుందనుకుందాం. పునాది 2 మీటర్ల లోతు: మీటరు మందం కాంక్రీటు, పైన మీటరు మట్టి. అడుగున మొమెంటు 27 టన్ను-మీటర్లు. స్తంభం బరువు 2.5 టన్నులైతే, 3.4 మీటర్ల చదరపు దిమ్మెతో మొత్తం 52 టన్నులు. బరువు కేంద్రం నుంచి 52 సెంటీమీటర్లు జరుగుతుంది. మధ్య మూడోవంతు హద్దు (వెడల్పులో ఆరోవంతు) 57 సెంటీమీటర్లు కనుక, గాలి దిమ్మె పక్కకు లంబంగా వీచినప్పుడు ఏ అంచూ నేల వదలదు. అదే స్తంభానికి విశాఖలో, తుఫాను గుణకం కలపకముందే, 4.5 మీటర్లు కావాలి. ఆ తర్వాత నేల మోయగల ఒత్తిడిని విడిగా సరిచూస్తారు.

అయితే మడివాళ చెరువున్న ప్రాంతం. వానాకాలంలో నీటిమట్టం నేల దాకా వస్తే ఘనపు మీటరుకు ఒక టన్ను చొప్పున బరువు తేలిపోతుంది. ఆ 52 టన్నులు 29కి పడిపోతాయి, దిమ్మె 4.1 మీటర్లకు పెరగాలి. బెంగళూరుకు తక్కువ గాలి మండలం ఇచ్చిన వెసులుబాటులో చాలా భాగాన్ని చెరువు నీరు వెనక్కి తీసుకుంటుంది. మట్టి పరీక్ష నివేదికలో నీటిమట్టం గడి ఖాళీగా వదిలేయడం ఇలాంటి చోట ప్రమాదకరం.

డాబాల మీద నిలబెట్టే మొబైల్ టవర్లకు ఈ లెక్క వర్తించదు. వాటి తోపును ఇంటి పిల్లర్లే మోయాలి.