కోడి గంప నుంచి టర్కీ కొట్టం దాకా: మన పెరటి పక్షుల కథ

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు వేసుకుంటాము. ఈసారి ఏ లెక్కలోనూ ఎక్కని ఒక ఆస్తి గురించి రాస్తున్నాము. అవి మన పెరట్లో తిరిగే కోళ్లు, ఈమధ్య వాటితో చేరిన టర్కీలు.

మా చెన్నూరు పెన్న ఒడ్డు ఊరు. వరి మళ్లు, తమలపాకు తోటలు ఉన్న ఊరు. పొలం పట్టా ఎవరి పేరు మీద ఉన్నా, గంప కింద కోడి మాత్రం ఎప్పుడూ ఆడవాళ్లదే. మా అవ్వలు గుడ్లు అమ్మి పిల్లోళ్లకు పలకలు కొన్నారు. పుంజును అమ్మి మందులు తెచ్చుకున్నారు. 1982లో డ్వాక్రా మొదలైనప్పుడు మన రాష్ట్రంలో ముందుగా తీసుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం, ఆదిలాబాదుతో పాటు మన కడప కూడా ఉంది. సంఘాలు రాకముందు మాత్రం కోడే మన పొదుపు పుస్తకం.

ఆ పుస్తకాన్ని రెండు మూడు రోజుల్లో చెరిపేసే జబ్బు ఒకటుంది. అదే కొక్కెర తెగులు. కోడి ముడుచుకొని కూర్చుంటుంది. పచ్చగా, తెల్లగా పారుతుంది. నోరు తెరిచి గురగురమని ఊపిరి తీస్తుంది. కొన్నిటికి మెడ తిరిగిపోతుంది, కాళ్లూ రెక్కలూ పడిపోతాయి. ఒక ఇంట్లో మొదలైతే వీధి వీధంతా గంపలు ఖాళీ. మా అవ్వలు "రోగం తిరిగింది" అని ఊరుకునేవాళ్లు.

ఈ జబ్బును 1926లో జావా దీవిలోనూ, ఇంగ్లాండులోని న్యూకాసిల్ దగ్గరా గుర్తించారు. మరుసటి ఏడే, 1927లో, మన దేశంలో హిమాలయాల కింది రాణిఖేత్‌లో బయటపడింది. డాక్టర్లు దీన్ని రాణిఖేత్ అనేది అందుకే. ఆ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పశువైద్య సంస్థలో 1940లలో దీనికి టీకా తయారుచేశారు. అంటే మా అవ్వల కాలానికే టీకా ఉంది. మరి మన కోళ్లు ఎందుకు చచ్చినాయి?

దీనికి జవాబు సీసాలోనే ఉంది. టీకా సీసా ఒకటి విప్పితే వంద కోళ్లకు, అంతకు పైన కూడా వస్తుంది. దాన్ని ఐసులో పెట్టి తేవాల. మందు కలిపిన తర్వాత రెండు గంటల్లోపల వాడేయాల. మన ఇండ్లలో చూస్తే ఏడో ఎనిమిదో కోళ్లు. ఒక్క ఇంటి కోసం ఎవరు తెస్తారు, ఎవరు సీసా విప్పుతారు? ఒంటరిగా ఉన్నన్నాళ్లు ఆ టీకా మనది కాలేదు.

ఇంక టర్కీ సంగతి. పేరు టర్కీ గానీ, అది పుట్టింది ఆ దేశంలో కాదు. మనం రోజూ తినే మిరపకాయ, టమాట, శెనక్కాయ వచ్చిన అమెరికా ఖండమే దాని పుట్టిల్లు. పోర్చుగీసు ఓడల మీద గోవాకు వచ్చింది. 1612లో గోవా నుంచి తెచ్చిన ఒక టర్కీని చూసి జహంగీరు పాదుషా ఆశ్చర్యపోయి, దాని గురించి రాసుకున్నాడు, చిత్రకారుడు మన్సూరుతో బొమ్మ కూడా వేయించాడు. అప్పుడు పాదుషా వింతగా చూసిన పక్షి ఇప్పుడు మన దిబ్బల మీద తిరుగుతా ఉంది.

మాలో కొందరం సంఘం అప్పుతో టర్కీ పిల్లలు తెచ్చినాము. తెచ్చినవాటిని నేరుగా మన నాటుకోళ్లలోనే వదిలినాము. అక్కడే తప్పు చేసినాము. కొన్ని వారాలకు అవి రెక్కలు వాల్చినాయి, గంధకం రంగులో పసుప్పచ్చగా రెట్ట వేసినాయి. ఒక్కొక్కటే పోయినాయి. కోళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ఎవరో దిష్టి పెట్టినారని ఒకరినొకరు అనుకున్నాము కూడా.

తర్వాత పశువుల డాక్టరు చెప్తే తెలిసింది. దీన్ని బ్లాక్‌హెడ్ జబ్బు అంటారు. దీని క్రిమిని 1895లోనే అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త వివరించాడు. అది కోడి కడుపులోని నట్టల గుడ్లలో దాగి ఉంటుంది. కోడికి పెద్దగా హాని చేయదు, టర్కీ ప్రాణం తీస్తుంది. ఆ గుడ్లు మట్టిలో ఏండ్ల తరబడి బతుకుతాయి, ఎర్రలు తిన్నా కడుపులోకి పోతాయి. మందును నమ్ముకోవడం కన్నా కొట్టం వేరు, నేల వేరు చేయడమే దారి.

టర్కీ పిల్లకు ఇంకో గుణం ఉంది. దానంతట అది మేత వెతుక్కోదు. ఎదురుగా గింజలున్నా ఆకలితో చస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టాల. లీటరు నీళ్లలో వంద మిల్లీలీటర్ల పాలు కలపాల. మేతలో పచ్చరంగు గోళీలు వేస్తే పొడిచి చూస్తా తినడం నేర్చుకుంటాయి. వెచ్చదనం తగ్గకూడదు. పెద్దయినాక ఆకుకూరలు, పచ్చిగడ్డి బాగా తింటాయి, మేత ఖర్చు తగ్గుతుంది.

మేము చేసిన ఇంకో తప్పు కూడా దాచము. జబ్బు తగిలిన కోళ్లను చచ్చేలోపల అమ్మేసినాము. చచ్చినవాటిని వంకలో పారేసినాము. మా నష్టం తగ్గిందనుకున్నాము గానీ, పక్క వీధి అక్క గంపను మేమే ఖాళీ చేసినాము. ఇప్పుడు సున్నం వేసి లోతుగా పూడుస్తున్నాము. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి అందరం విన్నాము. ఒకేసారి ఎక్కువ పక్షులు చస్తే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాల.

ఇప్పుడు మా గ్రామ సమాఖ్యలో టీకా రోజు ఒకటి పెట్టుకున్నాము. వారం ముందు నట్టల మందు. ఆ రోజు తెల్లారకముందే, గంపలు ఎత్తకముందే, ఐసు డబ్బాతో వీధి వీధీ తిరుగుతాము. వారం వయసు పిల్లలకు కంట్లో చుక్క. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు రెక్క కింద సూది. టర్కీలకు డాక్టరు చెప్పిన వయసులో. నలతగా ఉన్నదానికి వేయము. సంఘంలో లేని ఇంటినీ వదలము. ఎందుకంటే ఆ ఇంటి కోడి మన దిబ్బ మీదికే వస్తుంది.

చేయి చేయి కలిపి పది రూపాయలు పొదుపు చేయడం మనకు వచ్చు. టీకా సీసా కూడా అట్లాంటిదే. ఒక్కరికైతే వృథా, అందరికైతే సరిగ్గా సరిపోతుంది. మీ ఊర్లో వచ్చే నెల మీటింగు పుస్తకంలో పొదుపు, అప్పు వాయిదాల కింద ఇంకో గీత గీయండి అక్కా. ఎన్ని కోళ్లు, ఎన్ని టర్కీలు, టీకా ఎప్పుడు అని రాయండి. మా అవ్వలు రాయలేకపోయిన లెక్క అది.