రాజధాని నీడ పడని నగరాలు

జర్మనీ నగరాల గురించి చెప్పేటప్పుడు బెర్లిన్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ అయినా, ఆ దేశం తీరు తెలియాలంటే రాజధానిని కాసేపు పక్కన పెట్టడమే మంచిది. దాదాపు 3,57,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో తెలంగాణకు మూడింతలకు కాస్త మించి, 8.3 కోట్ల పైచిలుకు జనాభాతో ఉన్న ఆ దేశంలో పది లక్షల జనాభా దాటిన నగరాలు బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్, కొలోన్ అనే నాలుగే. లక్ష దాటినవి మాత్రం ఎనభై వరకు ఉన్నాయి. పార్లమెంటు బెర్లిన్‌లో ఉంటే, రాజ్యాంగ న్యాయస్థానం కార్ల్స్‌రూయెలో, కేంద్ర బ్యాంకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కార్మిక వివాదాల అత్యున్నత న్యాయస్థానం ఎర్ఫుర్ట్‌లో, ఉపాధి వ్యవహారాల కేంద్ర కార్యాలయం న్యూరెంబర్గ్‌లో ఉన్నాయి. ప్రతి పనికీ హైదరాబాద్ బస్సెక్కడం అలవాటైన ప్రాంతం నుంచి చూసినప్పుడు ఈ అమరిక వింతగా తోచవచ్చు గాని, దాని వెనుక వెయ్యేళ్ల చరిత్ర ఉంది.

సరిహద్దులు మారడం, పైన ఉన్న పాలకులు మారినా ఊరు అక్కడే ఉండడం యాలాల్, తాండూరు పాఠకులకు కొత్త విషయం కాదు. నిజాం రాజ్యంలో గుల్బర్గా జిల్లా కింద ఉన్న తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి; 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడిన తర్వాత తాండూరు ప్రాంతం అందులో భాగమైంది; 2016 అక్టోబరు 11 నుంచి అది వికారాబాద్ జిల్లా. జర్మన్ ప్రాంతాల్లో ఇటువంటి మార్పులు శతాబ్దాల తరబడి, అంతకంటే ఎంతో పెద్ద ఎత్తున జరిగాయి. పవిత్ర రోమన్ సామ్రాజ్యం అనే పేరుతో 1806 వరకు నిలిచిన వ్యవస్థలో చక్రవర్తి ఒక్కడే అయినా, అతని కింద రాజులు, జమీందారుల వంటి ప్రభువులు, ప్రాంతాలను ఏలే బిషప్పులు, ఎవరికీ సామంతులు కాని స్వతంత్ర నగరాలు కలిసి మూడు వందల వరకు ప్రభుత్వాలు ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దం చివరినాటికి వాటిలో స్వతంత్ర నగరాలే యాభై వరకు ఉండేవి. 1815 తర్వాత మొత్తం ప్రభుత్వాల సంఖ్య నలభై వరకు తగ్గింది. 1871 జనవరిలో మాత్రమే వాటిలో చాలా భాగం ప్రష్యా నాయకత్వంలో ఒకే సామ్రాజ్యమయ్యాయి.

ఇన్ని ప్రభుత్వాలుండడం వల్ల జరిగిన యుద్ధాలు, వసూలైన సుంకాలు ప్రజలను పీడించిన మాట నిజమే. 1618 నుంచి 1648 వరకు సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో కొన్ని ప్రాంతాలు సగానికి పైగా జనాన్ని కోల్పోయాయి. అయితే అదే వ్యవస్థలో ప్రతి చిన్న ప్రభువూ తన ఊళ్లో ఒక కోట, ఒక నాటకశాల, ఒక గ్రంథాలయం నెలకొల్పుకోవడంతో సంస్కృతి ఒక్కచోట పోగుపడలేదు. 1715లో పునాది పడిన కార్ల్స్‌రూయెలో వీధులన్నీ కోట దగ్గర మొదలై విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. మాన్‌హైమ్ నడిబొడ్డున నేటికీ వీధులకు బదులు ఇళ్ల చదరాలకే అక్షరాలూ అంకెలూ పేర్లుగా ఉన్నాయి. మహాకవి గోథే 1775లో చేరిన వైమార్ అప్పటికి కొన్ని వేల మంది ఉన్న చిన్న ఊరే. నేడు దేశంలో ఎనభైకి పైగా సంగీత నాటకశాలలు ప్రజాధనంతో నడుస్తున్నాయంటే, దాని మూలం ఆనాటి ఈ పోటీలోనే ఉంది.

భూగోళం కూడా నగరాల ముఖాన్ని తీర్చింది. ఉత్తరాన సముద్రాల వైపు పరచుకున్న మైదానం, మధ్యలో అడవులతో నిండిన తక్కువ ఎత్తు కొండలు, దక్షిణాన ఆల్ప్స్ పర్వతాలు, వాటిలో 2,962 మీటర్ల త్సుగ్‌స్పిట్జె శిఖరం: ఇదీ దేశపు అంచెల నిర్మాణం. రైన్, ఎల్బే నదులు ఉత్తర సముద్రంలో కలుస్తుంటే, డాన్యూబ్ తూర్పుకు మళ్లి నల్ల సముద్రం చేరుతుంది. ఉత్తర మైదానంలో కట్టడానికి పనికొచ్చే రాయి దొరకదు కనుక లూబెక్‌లో గొప్ప చర్చిలను సైతం ఎర్ర ఇటుకతో లేపారు. అడవులున్న మధ్య ప్రాంతంలో కలప చట్రం నిలబెట్టి, దాని సందులను మట్టితోనూ ఇటుకతోనూ పూడ్చే ఇళ్లు వచ్చాయి.

దక్షిణాన బవేరియాలో ఆల్ట్‌మ్యూల్ నది లోయకు చేరితే, తాండూరు మనిషికి కాళ్ల కింద పరిచయమున్న రాయి తగులుతుంది. అక్కడి జోల్న్‌హోఫెన్ గనుల్లో పొరలు పొరలుగా విడిపోయే సున్నపురాయి బండలను తీసి, నేలకు పరుస్తారు. ఆ లోయలోని పాత ఇళ్లకు పైకప్పులు కూడా ఆ పలకలే. తాండూరు నాపరాయి కన్నా అది ఎంతో తర్వాతి కాలానిది, రంగు కూడా లేత పసుపు. కానీ రాయిని ఉలితో పొర పట్టి విడదీసే పని రెండు చోట్లా ఒకటే. అలాయిస్ జెనెఫెల్డర్ అనే నాటక రచయిత 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఈ రాయి మీద జిడ్డు సిరాతో రాసి, దాని నుంచి కాగితం మీదికి అచ్చు తీసే శిలాముద్రణను కనిపెట్టాడు. పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశంలో ఉర్దూ, ఫార్సీ పుస్తకాలు ఎక్కువగా అచ్చయింది ఈ పద్ధతిలోనే. 1861లో పక్షికీ సరీసృపానికీ మధ్యదైన ఆర్కియాప్టెరిక్స్ అస్థిపంజర శిలాజం బయటపడింది కూడా ఆ గనుల ప్రాంతంలోనే. బండలు తవ్వే ప్రాంతం విజ్ఞానశాస్త్ర చరిత్రలో చోటు సంపాదించుకోగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

నగరం అంటే ఇళ్ల సముదాయం మాత్రమే కాదు, హక్కులున్న సంఘం అన్న భావన జర్మన్ ప్రాంతాల్లో పన్నెండో శతాబ్దం నుంచి బలపడింది. ప్రభువు భూమికి కట్టుబడి ఉన్న వెట్టి రైతు తప్పించుకుని వచ్చి, నగర ప్రాకారం లోపల ఏడాది మీద ఒక రోజు గడిపితే, యజమాని అడగడానికి రాని పక్షంలో అతను స్వతంత్రుడయ్యేవాడు. సంత పెట్టే హక్కు, కొలతలు నిర్ణయించే హక్కు, సొంత న్యాయస్థానం, సొంత మండలి నగరానికి ఉండేవి. బ్రెమెన్ నగర మండలి భవనం ముందు 1404లో నిలిపిన రోలాండ్ వీరుని రాతి విగ్రహం ఆ హక్కులకు గుర్తు. లూబెక్ నాయకత్వంలో సముద్ర వర్తకులు ఏర్పరచుకున్న హాన్సా అనే నగరాల కూటమి రాజులతో సైతం యుద్ధాలు చేసింది. హాంబుర్గ్ కార్ల నంబరు పలక మీద నేటికీ ఆ కూటమి పేరులోని మొదటి అక్షరం నగరం పేరుకు ముందు ఉంటుంది. హాంబుర్గ్, బ్రెమెన్ బెర్లిన్‌తో పాటు సొంత రాష్ట్రాలుగానే కొనసాగుతున్నాయి. ఈ హక్కులు అందరికీ దక్కినవి కావని కూడా చెప్పాలి. ఆస్తి లేనివారికి, వృత్తి సంఘాల్లో చోటు దొరకని యూదులకు నగరం ద్వారాలు చాలాకాలం సగమే తెరుచుకున్నాయి.

తెలుగు అక్షరం యూరప్‌లో మొదట అచ్చయింది కూడా ఒక జర్మన్ నగరంలోనే. ఉప్పు వ్యాపారంతో పెరిగిన హాలేలో అవుగుస్ట్ హెర్మాన్ ఫ్రాంకే 1698లో అనాథాశ్రమం, పాఠశాలలు, ముద్రణాలయంతో ఒక విద్యాసంస్థను స్థాపించాడు. ఆ సంస్థతో అనుబంధమున్న బెంజమిన్ షుల్జె 1719లో తరంగంబాడికి వచ్చి, తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకుని, బైబిలును ఆ భాషలోకి మార్చి, స్వదేశానికి తిరిగి వెళ్లాక 1746, 1747 సంవత్సరాల్లో హాలేలో తెలుగు లిపిలో చిన్న మతగ్రంథాలను ముద్రింపజేశాడు. మద్రాసులో తెలుగు ముద్రణ స్థిరపడటానికి దశాబ్దాల ముందు జరిగిన ఈ పనిని తెలుగువారు తమ ముద్రణ చరిత్రలో మొదటి పుటగా చదువుకోవలసి ఉంది. 1842లో గుంటూరు చేరిన క్రైస్తవ ప్రచారకుడు హేయర్ పుట్టింది హెల్మ్‌స్టెట్ అనే జర్మన్ పట్టణంలో. ఎదురుదిశలోనూ రాకపోకలు సాగాయి: హైదరాబాద్‌లో పుట్టి తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు; సుభాష్ చంద్రబోస్‌తో 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో బయలుదేరిన ఆబిద్ హసన్ కూడా హైదరాబాదీయే.

రైలు 1835లో న్యూరెంబర్గ్, ఫ్యుర్ట్ మధ్య మొదలైన తర్వాత, రూర్ లోయలోని ఎస్సెన్, డోర్ట్‌ముండ్ వంటి పట్టణాలు బొగ్గు, ఉక్కులతో రెండు మూడు తరాల్లోనే మహానగరాలయ్యాయి. ఆ ప్రాంతంలోని చివరి బొగ్గు గని 2018 డిసెంబరులో బోట్రోప్‌లో మూతపడింది.

నేటి నగరాల రూపాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చింది మాత్రం నాజీల పాలన, అది తెచ్చిన యుద్ధం. 1938 నవంబరు 9 రాత్రి దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టారు. తర్వాత పొరుగువారు చూస్తుండగానే యూదు కుటుంబాలను రైళ్లలో మరణ శిబిరాలకు తరలించారు. 1943లో హాంబుర్గ్, 1945లో డ్రెస్డెన్, వుర్ట్స్‌బుర్గ్ బాంబు దాడుల్లో కాలిపోయాయి. పాత పట్టణంగా పర్యాటకులు చూసే వీధుల్లో చాలా భాగం 1945 తర్వాత తిరిగి కట్టినవే. డ్రెస్డెన్‌లోని ఫ్రావెన్‌కిర్షె చర్చి పునర్నిర్మాణం 2005లో గాని ముగియలేదు. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు నాజీల బాధితులు చివరిగా స్వేచ్ఛగా నివసించిన ఇళ్ల ముందు పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలను కాలిబాటలో పొదిగే పనిని 1990లలో ప్రారంభించాడు. పేరు, పుట్టిన ఏడు, చంపిన చోటు రాసి ఉండే ఆ పలకలు యూరప్‌లో లక్ష దాటాయి. నేరాన్ని దాచుకోకుండా కాలిబాట మీదే రాసుకోవడం ఒక దేశానికి తేలికైన పని కాదు; ఆ దేశంలో గౌరవించదగిన విషయాల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి.

యుద్ధం తర్వాత దేశం తూర్పు, పశ్చిమ జర్మనీలుగా విడిపోయింది. 1961 ఆగస్టు నుంచి 1989 నవంబరు వరకు గోడ చీల్చిన బెర్లిన్ 1990 అక్టోబరు 3 పునరేకీకరణతో మళ్లీ రాజధాని అయింది. అయితే పశ్చిమ జర్మనీ నలభై ఏళ్లు బాన్ అనే చిన్న నగరం నుంచి నడిచింది కనుక, కార్యాలయాలు చెదిరి ఉండడం అప్పటికే స్థిరపడిపోయింది.

ఈ చరిత్ర తెలిస్తే దైనందిన జీవితంలోని నియమాలు కూడా అర్థమవుతాయి. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా, ఇంటి యజమాని సంతకం చేసిన పత్రంతో, నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అది లేకుండా పన్ను సంఖ్య రాదు, బ్యాంకు ఖాతా తెరవడమూ కష్టమే. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడే 1919 నాటి నిబంధనను 1949 రాజ్యాంగం అలాగే స్వీకరించింది కనుక, రైల్వే స్టేషన్లు, పెట్రోలు బంకులు, కొన్ని రొట్టెల దుకాణాలు తప్ప అంగళ్లు ఆ రోజు మూసే ఉంటాయి. రాత్రి పది దాటాక చప్పుడు చేయడం పొరుగువారి హక్కును కాజేసినట్టే లెక్క. చెత్తను కాగితం, ప్యాకింగ్, తడి, గాజు అని వేరు చేస్తారు. వాడి పడేసే నీళ్ల సీసా కొన్నప్పుడు కట్టిన 25 సెంట్ల ధరావతును ఖాళీ సీసా తిరిగి ఇచ్చి తీసుకుంటారు. సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు; ఖాళీగా ఇచ్చే ఇంట్లో వంటగది గట్టు, పొయ్యి కూడా లేకపోవడం మామూలే.

వ్యవసాయ కుటుంబాల నుంచి వెళ్లినవారికి అన్నిటికన్నా దగ్గరగా తోచేవి పట్టణపు అంచుల్లో వరసగా ఉండే చిన్న తోటలు. లైప్‌జిగ్‌లో 1860లలో పిల్లల ఆట స్థలాల పక్కన మొదలైన ఈ తోటల సంఘాలకు 1983 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది. ఒక్కో తోట 400 చదరపు మీటర్లకు, అంటే సుమారు నాలుగు గుంటలకు మించకూడదు, అందులో కట్టే గుడిసె 24 చదరపు మీటర్లు దాటకూడదు, మూడో వంతు నేలలో పండ్లో కూరగాయలో పండించి తీరాలి. అపార్టుమెంట్లలో ఉండే కార్మికులు, ఉద్యోగులు అక్కడే టమాటాల వంటివి కాయిస్తారు. తినే తిండిలో రొట్టెదే మొదటి స్థానం; నైరుతిన శ్వాబియా ప్రాంతంలో మాత్రం పప్పుదినుసుల కూరను పిండితో చేసే స్పెట్స్‌లెతో కలిపి తినే సంప్రదాయం ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టే, డ్రెస్డెన్ క్రిస్మస్ కేకుకూ న్యూరెంబర్గ్ అల్లపు రొట్టెకూ యూరప్ చట్టంలో పేరు రక్షణ ఉంది.

భారత్ నుంచి వచ్చినవారే ఇప్పుడు అక్కడి విదేశీ విద్యార్థుల్లో అత్యధికులు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల బోధన రుసుము లేదు కనుక, తెలుగు యువత మ్యూనిక్, బెర్లిన్‌లతో పాటు మాగ్డెబుర్గ్, కెమ్నిట్జ్, జీగెన్ వంటి మధ్యస్థ నగరాలకూ చేరుతోంది. అయితే నగర సంఘంలో పూర్తి సభ్యత్వం మాత్రం ఈనాటికీ మెట్ల మీదుగానే దక్కుతుంది. యూరోపియన్ యూనియన్ పౌరులు నగర మండలి ఎన్నికల్లో ఓటు వేయగలరు, భారతీయులు వేయలేరు. 2024 జూన్ నుంచి ఐదేళ్ల నివాసంతో జర్మన్ పౌరసత్వం కోరవచ్చు, పాత పౌరసత్వాన్ని వదలాలని జర్మనీ అడగదు. భారత చట్టం మాత్రం రెండింటినీ ఒప్పుకోదు గనుక, ఓటు కావాలనుకున్నవారు భారత పాస్‌పోర్టును అప్పగించి ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా (ఓసీఐ) కార్డుతో సరిపెట్టుకోవాలి. ఆ నిర్ణయానికి రాని వారి కోసం నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలోని నగరాలు, విదేశీ నివాసులు కూడా ఓటు వేసి ఎన్నుకునే సమైక్యతా మండళ్లను నడుపుతున్నాయి. వాటి సూచనలను నగర మండలి వినాలి గాని, తుది నిర్ణయం నగర మండలిదే.