మరుగుదొడ్డి: మరుగున ఉంచిన చరిత్ర

1982లో ఎం.ఏ. చదవడానికి హైదరాబాద్ వచ్చినప్పుడు, నేనూ మరో ముగ్గురు అమ్మాయిలమూ కలిసి సీతాఫల్‌మండిలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అక్కడినుంచి ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాకకు నడవడం మాకు రోజువారీ వ్యవహారం. ఆ దారి నాకు కొట్టిన పిండి అనుకునేదాన్ని. చాయ్ ఎక్కడ బాగుంటుందో, ఏ చెట్టు కింద ఎవరు కూర్చుని విప్లవం గురించి వాదించుకుంటారో చెప్పగలిగేదాన్ని. ఒకసారి నల్లగొండ జిల్లాలోని మా ఊరినుంచి అమ్మ వచ్చి రెండు రోజులుంది. తార్నాకలో బస్సు కోసం నిలబడి ఉండగా నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఈడ ఆడోళ్లు యాడికి పోతరే?" అని అడిగింది.

నాకు జవాబు తెలియలేదు. అప్పటికి ఏడాదిగా ఆ దారిలో తిరుగుతున్నాను. పొద్దున్నే నీళ్లు తాగకుండా బయలుదేరడం అలవాటు చేసుకున్నాననీ, ఆ అలవాటు ఎప్పుడు మొదలయిందో కూడా మరచిపోయాననీ ఆ క్షణంలో తెలిసింది. చదువుకునే చోటి సంగతి కాదు నేను చెబుతున్నది, దారి సంగతి. ఇల్లు దాటాక, గమ్యం చేరకముందు మనిషికి ఏం హక్కుందన్న సంగతి.

ఇది చరిత్ర వ్యాసానికి తగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కోటలకూ గుడులకూ చరిత్ర రాశాం. ప్రజలు కట్టిన తిరుగుబాట్లకూ రాశాం. మరుగుదొడ్డికి రాయలేదు. రాయదగ్గదీ రాయరానిదీ ఏదో ఎవరు నిర్ణయించారన్నది కూడా చరిత్రకు సంబంధించిన ప్రశ్నే. అందుకని ముందు మన మాటలనే పరీక్షించి చూద్దాం.

తెలుగులో ఈ పనికి సూటి మాట మర్యాదస్తుల నోట వినపడదు. పండితుడు "లఘుశంక" అంటాడు. చిన్నపిల్లవాడు వేలు చూపిస్తాడు. ఊళ్లో "చెంబు పట్టుకు పోయాడు" అంటారు. "దొడ్డి" అంటే పశువులను కట్టే ఆవరణ, ఇంటి వెనక స్థలం. దానికి "మరుగు" చేర్చి మరుగుదొడ్డి అన్నాం. "పాయిఖానా" ఫారసీనుంచి వచ్చింది. ఆ భాషలోనే "పాక్" అంటే శుభ్రం. దానినుంచి "పాకీ" వచ్చింది. ఊరి మలం ఎత్తి ఊరిని శుభ్రంగా ఉంచిన మనిషికి శుభ్రతనే పేరుగా పెట్టి, ఆ పేరును తిట్టుగా మార్చుకున్న ఘనత మన సమాజానిది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మాట "బహిర్భూమి". అంటే బయటి నేల. ఊరికి ఒక బయట ఉండేది. తుమ్మచెట్లూ, వాగు గట్టూ, బంజరూ. దాన్ని స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ బయటి నేల కూడా కులాన్ని బట్టి పంచి ఉండేది. ఆడవాళ్లకు అది తెల్లవారకముందూ చీకటి పడ్డాకా మాత్రమే దొరికేది. పాములూ, తేళ్లూ, మగవాళ్లూ అన్నీ అక్కడే ఉండేవి. అయినా ఆ నేల ఉండేది. నగరం చేసిందేమిటంటే, ఆ నేలను మింగి, దానికి బదులు ఏమీ ఇవ్వకపోవడం. మా అమ్మ ప్రశ్నకు చారిత్రక అర్థం ఇదే. మీ ఊరి బహిర్భూమి ఏమయిందని ఆమె అడిగింది.

సీతాఫల్‌మండి, అడిక్‌మెట్, తార్నాక ఒకప్పుడు జంట నగరాలకు బయటి నేలలే. అడిక్‌మెట్ భూములు కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. ఆమె 1768లో పుట్టి 1824లో చనిపోయింది. ఆ నేల మీదే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాదిరాయి వేశారు. 1939 డిసెంబరులో ప్రారంభించారు. తార్నాక అన్న పేరులో తీగ కంచె ఉంది, కాపలా నాకా ఉంది. సీతాఫల్‌మండి పేరులో పండ్ల బజారు ఉంది. ఒక స్త్రీ భూమి, ఒక కంచె, ఒక బజారు: ఈ మూడింటి మీదా నగరం పెరిగింది.

నగరం పెరిగినప్పుడు మలం ఎక్కడికి పోయింది? 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడింది. అది ప్రధానంగా బ్రిటిష్ సైన్యపు విడిది. 1857 తిరుగుబాటు తర్వాత సైనికుల ఆరోగ్యం మీద పాలకులకు దిగులు పట్టుకుంది. యుద్ధంలో కన్నా రోగాలతో చచ్చే తెల్ల సిపాయిలే ఎక్కువని 1863లో రాయల్ కమిషన్ తేల్చింది. ఫ్లారెన్స్ నైటింగేల్ దాని కోసం పెద్ద విమర్శే రాసింది. దాని ఫలితంగా కంటోన్మెంట్లలో పారిశుద్ధ్యం ఒక శాఖ అయింది. అయితే ఆ పారిశుద్ధ్యం నీటి మీద కాక మనుషుల నెత్తి మీద నడిచింది. వరస వరసలుగా పాకీదొడ్లు కట్టడం, వాటిని ఎత్తడానికి దళితులను కుదుర్చుకోవడం. వలస పాలకుడు కులాన్ని సృష్టించలేదు. దానికి ఉద్యోగపు రిజిస్టరు తయారు చేశాడు.

హైదరాబాద్ వైపు మార్పు ఒక ప్రళయం వెంట వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆయన ఆలోచనలే. ఆ రెండింటినీ అందరూ చెప్పుకుంటారు. ఆయన నగరానికి భూగర్భ మురుగు కాలువలు కూడా కావాలన్నాడు. దాన్ని ఎవరూ చెప్పుకోరు. 1931 నాటికి 54 చదరపు కిలోమీటర్ల మేర, సుమారు 4 లక్షల 68 వేల జనాభాకు సరిపడేలా ఆ వ్యవస్థ తయారయింది. కాలువలు మూసీ వెంట నడిచి క్యాంపస్‌కు పొరుగునే ఉన్న అంబర్‌పేట వైపు చేరాయి. నగరపు మురుగు శుద్ధి చేసే పెద్ద కేంద్రం ఈనాటికీ అక్కడే ఉంది.

నిజాం రాజ్యంలో ఇది సామాన్యమైన పని కాదు. ప్రజల ప్రాణాలను కాపాడిన పని. కాని ఒకటి గమనించాలి. కాలువ ఇంటి దాకా వచ్చింది. వీధిలో ఉన్న మనిషి దాకా రాలేదు. ఇల్లున్నవాడికి కనెక్షన్ ఉంది. రోజంతా రోడ్డు మీదే ఉండే కూలీ, గంప కింద పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి, బండి తోలేవాడు లెక్కలోకి రాలేదు. "ప్రజలు" అన్న మాటకు ఆనాటి ప్రణాళికలో అర్థం గృహస్థులని.

ఈ లోపం స్వతంత్రం వచ్చాక పోయిందా? 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షను ప్రతి ఫ్యాక్టరీలోనూ ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా మరుగుదొడ్లు ఉండాలంది. కార్మికవర్గం పోరాడి తెచ్చుకున్న రక్షణల్లో ఇదీ ఒకటి. అయితే ఆ హక్కు గేటు లోపలిది. మన దేశంలో శ్రమించేవాళ్లలో అత్యధికులు గేటు బయటివాళ్లు. సీతాఫల్‌మండి రోడ్డు పక్కన కార్తీక మాసంలో పండ్లు అమ్మడానికి పాలమూరు వైపునుంచి వచ్చిన ఒక ముసలమ్మతో నాకు ఆ రోజుల్లో స్నేహం కుదిరింది. అమ్మ అడిగిన ప్రశ్నే ఆమెను అడిగాను. "పొద్దుగూకేదాక నీళ్లు తాగ బిడ్డా" అన్నది. ఆమె జవాబూ నా అలవాటూ ఒకటే. ఆమె నలభై ఏళ్లుగా అలా ఉంది. నీళ్లు మానుకుని, మూత్రం బిగబట్టుకుంటే మూత్రనాళాలకు జబ్బులు వస్తాయని ఏ డాక్టరైనా చెబుతాడు. అంటే నగరం కట్టని గదికి అయ్యే ఖర్చును ఈ ఆడవాళ్లు తమ ఒంటితో చెల్లిస్తున్నారన్న మాట.

ఇది మన దేశపు వెనకబాటుతనం మాత్రమే అనుకోవడం పొరపాటు. 1851లో లండన్ మహాప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ నీటి మరుగుదొడ్లు ఏర్పాటు చేస్తే, 8 లక్షల మందికి పైగా ఒక్కొక్క పెన్నీ ఇచ్చి వాడుకున్నారు. ఆ తర్వాత లండన్ వీధుల్లో మగవాళ్లకు సౌకర్యాలు పెరిగాయి. ఆడవాళ్లకు పెరగలేదు. అప్పుడు దీన్ని పట్టుకున్నది ఒక రచయిత. బెర్నార్డ్ షా సెయింట్ పాంక్రాస్ స్థానిక సభలో సభ్యుడిగా ఉండి, స్త్రీలకు ఉచిత మరుగుదొడ్డి కట్టాలని కొట్లాడాడు. కామ్‌డెన్ టౌన్‌లో 1900లో ఒక చెక్క నమూనా నిలబెడితే, అది రాకపోకలకు అడ్డమని రుజువు చేయడానికి బండ్లవాళ్లు పనిగట్టుకుని దాన్ని గుద్దారు. స్త్రీ అలాంటి చోటు కోరడమే సిగ్గుచేటన్న వాదన కూడా వచ్చింది. 1909లో షా ఈ అనుభవమంతా ఒక వ్యాసంగా రాశాడు. స్త్రీలు సభల్లో ఉంటే తప్ప ఈ మాట ఎత్తే దిక్కుండదు కాబట్టి వాళ్లకు వోటు కావాలన్నాడు. మరుగుదొడ్డినుంచి వోటు హక్కు దాకా ఆయన గీసిన గీత సూటిగా ఉంది.

ఇక్కడ మన అభ్యుదయ సాహిత్య వారసత్వం వైపు చూద్దాం. 1935లో లండన్‌లో అభ్యుదయ రచయితల సంఘానికి అంకురార్పణ చేసినవాళ్లలో ముల్క్‌రాజ్ ఆనంద్ ఒకడు. అదే ఏడు వచ్చిన ఆయన నవల "అన్‌టచబుల్" నాయకుడు బఖా దొడ్లు శుభ్రం చేసే కుర్రవాడు. నవల చివర అతని ముందు మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి క్రైస్తవం, రెండోది గాంధీ, మూడోది మలాన్ని మనిషి ముట్టనవసరం లేకుండా చేసే యంత్రం. 1947లో తకళి శివశంకర పిళ్లె మలయాళంలో "తోట్టియుడె మకన్" రాశాడు. అంటే పాకీవాడి కొడుకు. మన సంఘాల మూలాల్లోనే ఈ విషయం ఉంది. మనం దాన్ని ఎంత దూరం తీసుకెళ్లాం?

ఆనంద్ ఆశపడ్డ యంత్రం వచ్చింది. కాని యంత్రం ఒంటరిగా కులాన్ని తుడిచిపెట్టలేదు. కోలార్ బంగారు గనుల్లో దశాబ్దాలపాటు దొడ్లు ఎత్తినవాళ్లలో తెలుగు దళిత కుటుంబాలున్నాయి. భూమి కింద అంత లోతుకు దిగే యంత్రాలున్న చోట, భూమి పైన మలం ఎత్తడానికి మనిషి చేతులే వాడారు. అలాంటి కుటుంబంలోనే 1966లో బెజవాడ విల్సన్ పుట్టాడు. 1990లలో ఎస్.ఆర్. శంకరన్ లాంటివారి తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్ లేచింది. పాకీదొడ్లను నిషేధించే చట్టం 1993లో వచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని కొనసాగుతూనే ఉందని గీతా రామస్వామి 2005లో ఒక పుస్తకమే రాయవలసి వచ్చింది. 2013లో మరో చట్టం వచ్చింది. 1993నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. పైన వీధిలో మరుగుదొడ్డి లేని స్త్రీ, కింద కాలువలో ఊపిరాడని మగవాడు: ఇవి రెండు వేరు సమస్యలు కావు. మలాన్ని చూడకూడదు, దాని గురించి మాట్లాడకూడదు, దాన్ని మోసేవాణ్ని మనిషిగా లెక్కపెట్టకూడదు అన్న ఒకే నియమం ఇద్దరినీ శిక్షిస్తోంది.

ఈ మధ్య అదే దారిలో మళ్లీ నడిచాను. తార్నాకలో 2017నుంచి మెట్రో స్టేషన్ ఉంది. రోడ్డు మీద మరుగుదొడ్లు కూడా కనిపించాయి. మా అమ్మ అడిగిన రోజుతో పోలిస్తే ఇది మార్పే, కాదనడం అన్యాయం. అయితే నేను చూసిన మూడింటిలో ఒకదానికి తాళం ఉంది. ఒకదానిలో నీళ్లు లేవు. ఒకటి శుభ్రంగా ఉంది. దాని గుమ్మంలో కూర్చున్నామె నా దగ్గర డబ్బులు తీసుకుంది. మగవాళ్లలో కొందరు ఏమీ ఇవ్వకుండా పక్కనుంచి పోయి వస్తున్నారు. ఇదే తేడా మీద 2011లో ముంబాయి స్త్రీలు ఉద్యమం లేవదీశారు. 2014 ఏప్రిల్‌లో ట్రాన్స్‌జెండర్లకు ప్రత్యేక మరుగుదొడ్లు కట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. నేను నడిచిన దారిలో అలాంటి బోర్డు నా కంటపడలేదు. గోడల మీద దేవుళ్ల బొమ్మల టైల్స్ మాత్రం వరసగా కనబడ్డాయి. గోడను కాపాడే పని దేవుళ్లకు అప్పగించారు.

రచయితలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. మన కథల్లో స్త్రీలు రోజంతా బస్సుల్లో తిరుగుతారు, ఊరేగింపుల్లో నడుస్తారు, ఉద్యోగాలకు పోతారు. నేను చదివిన కథల్లో ఈ అవసరం వాళ్లకు దాదాపు ఎప్పుడూ రాదు. నేను రాసిన కథల్లోనూ రాలేదు. వాస్తవికత గురించి ఎంతో వాదించుకున్నాం. వాస్తవానికి ఒక ఒళ్లుందనీ, ఆ ఒళ్లు ఒక చోటు కోరుతుందనీ మరచిపోయాం. మర్యాద పేరుతో ఆ మాటను మింగినప్పుడల్లా నగరపాలకుడి పని మనం తేలిక చేస్తున్నాం. ఎవరూ అడగని దాన్ని అతను ఎందుకు కడతాడు?

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ రోజు ఆమెను తార్నాకనుంచి మళ్లీ సీతాఫల్‌మండి గదికి నడిపించుకు వచ్చాను. దారిలో ఆమె ఏమీ మాట్లాడలేదు. గది తలుపు తీశాక లోపలికి పరుగెత్తింది. మర్నాడు పొద్దున్నే ప్రయాణమయింది. మరో రెండు రోజులుండమని బతిమాలాను. ఉండనంది. కారణం నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఇద్దరం చెప్పుకోలేదు. ఆ చెప్పుకోనితనాన్ని చెరపడానికే ఇంతా రాశాను.