ఖిలాషాపురం కోటలో పేరులేని ఆడవాళ్లు

మాది రఘునాథపల్లి. ఖిలాషాపురం మా మండలంలోనే ఉంది. సర్దార్ సర్వాయి పాపన్న కథ వింటూ పెరిగినదాన్ని. కల్లుగీసే ఇంట్లో పుట్టినవాడు మొఘలుల మీద కత్తి దూశాడంటే మా గౌడ ఇళ్లల్లో అందరికీ గర్వమే. నాకూ గర్వమే, ఇప్పటికీ. కానీ రెండేళ్ల కిందట జపాన్‌లో ఒక గుడి చూసి వచ్చాక, ఆ కథలో నేనెన్నడూ అడగని ప్రశ్న ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు.

ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్న మా అమ్మాయి నన్ను ఫుకుషిమా ప్రాంతంలోని ఐజుబంగె పట్నానికి తీసుకెళ్లింది. అక్కడి హోకైజి అనే బౌద్ధాలయంలో నకానో తకెకో సమాధి ఉంది. 1868లో బోషిన్ యుద్ధం ఐజు సంస్థానం మీదికి వచ్చినప్పుడు సంస్థానం పెద్దలు ఆడవాళ్లను సైన్యంలో చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. అయినా కొంతమంది సమురాయ్ ఇళ్ల స్త్రీలు నగినాతలు పట్టుకుని బయల్దేరారు. నగినాత అంటే పొడుగాటి కర్రకు వంపు కత్తి బిగించిన ఆయుధం. వాళ్లకు ముందు నిలబడిన తకెకోకు ఇరవై దాటి ఎంతో కాలేదు. పక్కన తల్లి కోకో, చెల్లెలు యూకో ఉన్నారు. తూటా తగిలి పడిపోయిన తకెకో, తన తల శత్రువుకు దక్కకూడదని చెల్లెల్ని కోరింది. ఆ తల ఈ గుడికి చేరింది.

అగరొత్తి వెలిగించి చేతులు జోడించాను. ఆ వీరత్వానికి పొంగిపోయానని మాత్రం చెప్పలేను. అదే యుద్ధంలో సైగో తనొమొ అనే సమురాయ్ పెద్ద ఇంట్లో తల్లి, భార్య, చెల్లెళ్లు, పిల్లలు, బంధువులు కలిసి ఇరవై ఒక్కమంది ప్రాణాలు తీసుకున్నారు. పరువు భారం అక్కడా ఆడవాళ్ల మీదే పడింది. కానీ ఒక మాట నాతో ఇంటిదాకా వచ్చింది. అక్కడ అక్క పేరుతో పాటు చెల్లెలి పేరూ, తల్లి పేరూ మిగిలాయి. మరి మన పాపన్న తోడబుట్టినదాని పేరేమిటి?

పాపన్న గురించి పారశీకంలో రాసిన మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్. అతని లెక్కలో పాపన్న వట్టి దోపిడీదారు. అతను చెప్పేదాని ప్రకారం పాపన్నకు భర్త పోయిన, కలిగిన తోబుట్టువు ఒకామె ఉండేది. పాపన్న ఆమెను హింసించి డబ్బూ, నగలూ గుంజుకుని, ఆ సొమ్ముతో మనుషుల్ని కూడగట్టి, కొండ మీద తొలి కోట కట్టుకున్నాడు. శత్రువు రాసిన మాట కాబట్టి పూర్తిగా నమ్మలేం. అబద్ధమని తోసెయ్యడానికీ మన దగ్గర ఆధారం లేదు. ఒకటి మాత్రం నిజం. ఆమె సొమ్ము చరిత్రకెక్కింది, ఆమె పేరు ఎక్కలేదు.

పోనీ మన జానపదుల కథ చూద్దామా? అందులో తల్లి సర్వమ్మ ఉంది. కులవృత్తి వదలొద్దని కొడుకుని బతిమాలుతుంది. గోల్కొండనే కొడతానంటాడు కొడుకు. ఆ తర్వాత అతని అనుచరులు వరసగా వస్తారు: హసన్, హుసేన్, దూదేకుల పీరు, చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న. అన్ని కులాలూ, రెండు మతాలూ కలిసి తిరగబడ్డ ఆ జాబితా చదివితే ఒళ్లు పులకరిస్తుంది. అందులో ఒక్క ఆడపేరు లేదు.

1708 ఏప్రిల్ 1న, మొహర్రం రోజుల్లో, పాపన్న వరంగల్ మీద పడ్డాడు. ఆ జూన్‌లో భువనగిరి మీద. వరంగల్‌లో సొమ్ముతో పాటు స్త్రీలనూ పిల్లల్నీ పట్టి తెచ్చారు. నగర ఖాజీ భార్యా, కూతురూ అందులో ఉన్నారు. పెద్ద కులాల మీద, దర్బారు మీద కసి తీర్చుకోవడానికి కూడా దారి ఆడవాళ్ల ఒంటి మీదుగానే పోయింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది పాపన్న భార్య. ఆమె తోడబుట్టినవాడు మొఘల్ ఫౌజ్‌దారు. పాపన్న కోటలోనే ఖైదీగా ఉండేవాడు. ఆమె అన్నంలో ఆకురాళ్లు దాచి అతనికి పంపింది. పాపన్న మరో కోట ముట్టడికి పోయిన వేళ ఖైదీలు సంకెళ్లు కోసుకుని కోటను పట్టుకున్నారు, తిరిగొచ్చిన పాపన్న మీదికి అతని ఫిరంగులే తిప్పారు. 1710లో పాపన్నను చంపి, తలను మొఘల్ దర్బారుకు పంపారు. ఆ పతనానికి మొదటి దెబ్బ వంటింట్లోంచి వచ్చింది. ద్రోహి అనాలా ఆమెని? ఆ కోటలో ఆమె ఇల్లాలా, ఖైదీయా? జవాబు చెప్పడానికి ఆమె మాట ఒక్కటీ మిగల్లేదు.

జపాన్ నుంచి వచ్చాక మా చిన్నమ్మతో కలిసి ఖిలాషాపురం వెళ్లాను. రాతి గోడ నీడన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాపన్న మనోడే బిడ్డా. ఆ ఆడిబిడ్డ మనదిగాదా మరి?" అంది.

ఏటా ఆగస్టు 18న పాపన్న జయంతి జరుగుతోంది. జరగాలి. మూడొందల ఏళ్లు దొంగ అనిపించుకున్నవాడికి దక్కవలసిన గౌరవం అది. అతన్ని మళ్లీ దొంగ అనాలని చూసేవాళ్ల చేతికి నా మాటలు దొరుకుతాయేమోనని ఈ వ్యాసం చాలాకాలం రాయలేదు. కానీ ఆ భయంతో మన ఇంటి ఆడవాళ్ల గురించి మనమే నోరు మూసుకుంటే, ఖాఫీ ఖాన్‌కూ మనకూ తేడా ఏముంటుంది? వచ్చే జయంతికి నేనూ పోతాను, దండ వేస్తాను. పేరు తెలియని ఆ తోబుట్టువును కూడా ఆ సభలోనే తలుచుకుంటాను.