మీట నొక్కింది పురుగే

ఎగిరే ఈగను ఫొటోలో పట్టాలంటే రెండు చిక్కులు. దాని రెక్కలు క్షణం ఆగవు. మన వేలు సమయానికి కదలదు. రెక్కల సంగతి పందొమ్మిదో శతాబ్దంలోనే చాలావరకు తేలిపోయింది. వేలి సంగతి తేల్చడానికి మాత్రం నిన్నమొన్నటి దాకా తంటాలు పడుతూనే ఉన్నారు.

1860ల చివర్లో పారిస్‌లో ఈ పని కెమెరా లేకుండానే మొదలైంది. ఎతియెన్ జూల్ మారే శరీరధర్మ శాస్త్రవేత్త. నాడి కొట్టుకోవడాన్నీ, గుర్రం నడకనూ కాగితం మీద గీతలుగా దించే యంత్రాలు తయారుచేసిన మనిషి. ఆయన గుండ్రంగా తిరిగే డ్రమ్ముకు మసి పట్టించిన కాగితం చుట్టి, పురుగును పట్టుకుని దాని రెక్క కొస ఆ మసికి తగిలేలా ఉంచాడు. రెక్క ఆడినప్పుడల్లా మసి చెరిగి ఒక గీత పడుతుంది. ఆ గీతలను లెక్కపెడితే ఈగ రెక్కలు సెకనుకు 330 సార్లు ఆడుతున్నట్టు తేలింది. తేనెటీగవి 190, కందిరీగవి 110, తూనీగవి 28. క్యాబేజీ తోటల్లో తిరిగే తెల్ల సీతాకోకచిలుకవి 9 మాత్రమే. మరో ప్రయోగంలో కందిరీగ రెక్క చివర బంగారు రేకు తునక అంటించి ఎండలో పట్టుకుంటే, గాలిలో 8 అంకె మెరిసింది. రెక్క పైకీ కిందికీ ఊగడమే కాకుండా మెలిక తిరుగుతోందన్నమాట.

1882లో మారే తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేశాడు. సెకనుకు 12 బొమ్మలు, ఒక్కో బొమ్మకు సెకనులో 720వ వంతు వెలుగు. ఎగిరే పక్షులకు అది సరిపోయింది. పురుగులకు చాలలేదు. ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఈగ సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. సెకనులో 1,000వ వంతు కాలంలో అది 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. దూరం నుంచి తీసిన బొమ్మలో ఆ జరుగుడు కంటికి ఆనదు. ఫిల్ము మీద ఈగ అసలు సైజులోనే పడేంత దగ్గర నుంచి తీస్తే, 2 మిల్లీమీటర్ల మేర అంతా అలుక్కుపోతుంది. సెకనులో 25,000వ వంతుకు దిగితే ఆ మసక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. 1890ల తొలినాళ్లలో మారే ఆ వేగాన్నీ అందుకున్నాడు. ఎండను కటకంతో ఒకచోటికి కూర్చి, చీలికలున్న పళ్లెం తిప్పుతూ రెప్పపాటులో వెయ్యో వంతు కూడా నిలవని వెలుగు సంపాదించాడు. అయితే పురుగు ఇంకా పట్టకారులోనే ఉంది.

దాన్ని వదిలిపెట్టినవాడు లూసియన్ బుల్. డబ్లిన్‌లో పుట్టి, 1895లో మారే దగ్గర సహాయకుడిగా చేరాడు. 1904 నాటికి అతని యంత్రంలో వెలుగునిచ్చేది విద్యుత్ రవ్వ. ఫిల్మును డ్రమ్ముకు చుట్టి తిప్పుతూ, సెకనుకు 2,000 దాకా రవ్వలు రాలిస్తే, ఒక్కో రవ్వకు ఒక్కో బొమ్మ. లోతు కూడా తెలియాలని రెండు కటకాలతో జంట బొమ్మలు తీశాడు. డ్రమ్ము మీద పట్టేవి 54 జతలే. ఒక చుట్టు పూర్తయితే పాత బొమ్మ మీద కొత్తది పడి రెండూ చెడతాయి. అంటే మొత్తం తతంగం సెకనులో 37వ వంతులో ముగిసిపోవాలి. ఈగ ఎప్పుడు లేస్తుందో చూసి మనిషి మీట నొక్కుదామంటే కుదిరే పని కాదు. కంటికి కనబడింది చేతికి అందేసరికే సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. మారే లెక్క ప్రకారం ఆలోపు ఈగ 60 సార్లకు పైగా రెక్కలాడిస్తుంది.

బుల్ ఆ పనిని పురుగుకే అప్పగించాడు. అది చోటు వదిలి లేవగానే విద్యుత్ వలయంలో మార్పు వచ్చి యంత్రం మేలుకునేలా అమర్చాడు. తూనీగ తన బొమ్మ తానే తీసుకుంది.

ఆ యంత్రం ప్రయోగశాల దాటి రాలేదు. 1931లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ వాయువు నింపిన గొట్టంతో ఎలక్ట్రానిక్ ఫ్లాష్ తయారుచేశాక, క్షణికమైన వెలుగు క్రమంగా మామూలు ఫొటోగ్రాఫర్ల చేతికి వచ్చింది. అయినా చాలాకాలం క్లోజప్పుల్లో కనబడినవి పువ్వు మీద వాలిన పురుగులే.

ఇంగ్లండ్ ఫొటోగ్రాఫర్ స్టీఫెన్ డాల్టన్ 1970ల మొదట్లో ఈ లోటు మీద పడ్డాడు. అతనికి ఒక్క వేగం చాలదు. దగ్గరి బొమ్మలో స్పష్టంగా కనబడే మేర కొద్ది మిల్లీమీటర్లే. పురుగు సరిగ్గా అక్కడ ఉన్నప్పుడే ఫ్లాష్ వెలగాలి. అందుకని పురుగు దారికి అడ్డంగా సన్నని కాంతిరేఖ పెట్టాడు. పురుగు దాన్ని దాటగానే మీట పడుతుంది. అక్కడ ఇంకో అడ్డంకి ఎదురైంది. అందరి కెమెరాల్లోనూ షట్టరు తెరుచుకోవడానికి కొంత సమయం కావాలి. సెకనులో 20వ వంతు ఆలస్యమైనా ఈగ 10 సెంటీమీటర్లు ముందుకు వెళ్లిపోతుంది, ఫొటోలో ఖాళీ మిగులుతుంది. దాంతో చిటుక్కున తెరుచుకునే షట్టరునూ, సెకనులో 25,000వ వంతు వెలిగే ఫ్లాష్‌నూ ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వచ్చింది. ఆ బొమ్మలతో 1975లో ‘బోర్న్ ఆన్ ది విండ్’ పుస్తకం వచ్చింది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు రికార్డులోని చిత్రాల్లో పువ్వుల దగ్గర ఎగురుతున్న పురుగు కూడా ఉంది. అది డాల్టన్ తీసినదే.

కాంతిరేఖలూ ఉచ్చులూ లేకుండా తోటలోకి వెళ్లేవాళ్లకు 2016లో ఒక దారి దొరికింది. ఒలింపస్ ఆ ఏడాది తెచ్చిన కెమెరాలో మీటను సగం నొక్కి ఉంచితే చాలు, అది బొమ్మలు తీస్తూ, పాతవాటిని పారేస్తూ ఉంటుంది. సీతాకోకచిలుక లేచింది చూసి పూర్తిగా నొక్కితే, అంతకుముందు తీసిన 14 బొమ్మలను కూడా దాచిపెడుతుంది. సెకనుకు 60 చొప్పున 14 బొమ్మలంటే దాదాపు పావు సెకను, మన వేలు వెనకబడే కాలం కంటే కాస్త ఎక్కువే. బుల్, డాల్టన్ ఇద్దరూ మనిషి వేలిని పక్కన పెట్టి పని సాగించారు. ఈ కెమెరా ఆ వేలిని ఉండనిచ్చి, దాని ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకుంది.